బంజారా కొండ నుంచి ఫ్లాటు దస్తావేజు దాకా

"బంజారాహిల్స్‌లో విలాసవంతమైన ఫ్లాటు అమ్మకమునకు కలదు" అన్న ప్రకటన ఆదివారం పత్రిక తిరగవేసే మనవంటి వారికి కొత్త కాదు. పాలరాతి గచ్చు, ఈత కొలను, వ్యాయామశాల, రెండు కార్లకు చోటు అని వరుసగా వ్రాస్తారు. అంతా చదివినా ఒక ప్రశ్న మిగిలిపోతుంది. కోట్ల రూపాయలు పోసి కొనేవాడు నిజానికి కొంటున్నది ఏమిటి? నేలనా, గోడలనా? దీనికి జవాబు ప్రకటనలో దొరకదు. ఆ కొండ చరిత్రలోను, గత యాభై ఏళ్ళలో వచ్చిన చట్టాలలోను వెదకాలి.

రాళ్ళ గుట్టలు, పెద్ద బంగళాలు

నేడు గజం ధర వింటేనే గుండె గుభేలుమనే ఆ చోటు ఒకప్పుడు రాళ్ళు, పొదలు నిండిన అడవి. అక్కడ నివసించిన బంజారాల (లంబాడీల) పేరే దానికి స్థిరపడింది. నిజాం ప్రభుత్వంలో ఉన్నతోద్యోగి అయిన నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ అక్కడి బండరాళ్ళ నడుమ ఇల్లు కట్టుకుని, ఊరి పెద్దలకు ఆ కొండ మీద మనసు పుట్టించారు. 1933లో హైదరాబాదు వచ్చిన రవీంద్రనాథ్ ఠాగూరు ఆ కొండలలోనే బస చేశారు. ఈ నవాబు గారే 1960లో గుజరాత్ రాష్ట్రానికి తొలి గవర్నరు అయ్యారు. నగరంలోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి వారి పేరు మీద ఉన్నదే.

తరువాత నంబర్లే పేర్లుగా రోడ్లు వచ్చాయి. వాటి ప్రక్కన విశాలమైన బంగళాలు లేచాయి. పొరుగున జూబ్లీహిల్స్ సహకార గృహ నిర్మాణ సంఘం ద్వారా పెరిగింది. గృహ నిర్మాణ అడ్వాన్సు మీద ఆధారపడిన గుమాస్తాలు, ఉపాధ్యాయులు మాత్రం వనస్థలిపురం ఎన్జీవోస్ కాలనీ వంటి దూరపు చోట్లకు వెళ్ళారు. ఎక్కడ కట్టుకున్నా అప్పట్లో ఇల్లంటే కాళ్ళ క్రింద నేల, తల మీద కప్పు, రెండూ మనవే.

భూపరిమితి చట్టం

1976లో పట్టణ భూపరిమితి చట్టం వచ్చింది. హైదరాబాదు "బి" తరగతి నగరం కనుక ఒకరి చేతిలో ఉండదగిన ఖాళీ స్థలం 1,000 చదరపు మీటర్లు, అనగా సుమారు 1,196 గజాలు. అంతకు మించితే మిగులు భూమి. ఇదే చట్టం 29వ సెక్షన్‌లో మరొక ఆంక్ష ఉన్నది. ఇటువంటి నగరాలలో కొత్తగా కట్టే ఒక నివాస గృహం వైశాల్యం 300 చదరపు మీటర్లు, అంటే దాదాపు 3,230 చదరపు అడుగులు, దాటరాదు. ఈనాడు ఐదారు వేల అడుగుల ఫ్లాటని గొప్పగా ప్రకటిస్తున్నారే, అటువంటి ఇంటిని ఆనాటి చట్టం వద్దన్నది! పార్లమెంటు ఈ చట్టాన్ని 1999లో రద్దు చేసింది. ఆ రద్దును మన ఉమ్మడి రాష్ట్రం 2008లో గాని స్వీకరించలేదు.

ఈలోగా పాత బంగళాల యజమానులు వృద్ధులయ్యారు. పిల్లలు దూరదేశాలకు వెళ్ళారు. తోట, ప్రహరీ కాపాడుకోవడం భారమైంది. స్థలం మనది, కట్టుబడి బిల్డరుది, ఫ్లాట్లు చెరి కొన్ని అనే డెవలప్‌మెంటు ఒప్పందాలు వచ్చాయి. ఒక కుటుంబం ఉన్న చోట పది, ఇరవై కుటుంబాలు చేరాయి.

అవిభాజ్య వాటా

మహారాష్ట్రలో ఫ్లాట్ల చట్టం 1963లోనే వచ్చింది. మన రాష్ట్రంలో అపార్ట్‌మెంట్ల నిర్మాణ, యాజమాన్య చట్టం 1987లో వచ్చింది. ఫ్లాటును అమ్ముకోవచ్చు, వారసులకు ఇవ్వవచ్చు. మెట్లు, వరండా, లిఫ్టు వంటివి అందరి ఉమ్మడి ఆస్తి. ఇక నేల మాటకు వస్తే, ఫ్లాటుతోపాటు దస్తావేజులో వ్రాసేది "అవిభాజ్య వాటా". ఇన్ని గజాలు మీవి అంటారు గాని, ఫలానా మూల మీదని గీత గీసి చూపడానికి ఉండదు.

లెక్క చూద్దాము. వెయ్యి గజాలలో సమానమైన పది ఫ్లాట్లు ఉంటే ఒక్కొక్కరి వాటా 100 గజాలు. నాలుగు వేల గజాలలో నూరు ఫ్లాట్లు ఉంటే 40 గజాలే. ధర రెండవదానికే ఎక్కువ ఉండవచ్చు. కాని గోడలకు వయసు మీద పడుతుంది, పాలరాయి మాసిపోతుంది, లిఫ్టు మూలపడుతుంది. కొన్ని దశాబ్దాలకు కట్టడం కూల్చవలసి వస్తే మన వారసులకు మిగిలేది ఆ గజాలే. 2006 నాటి నిబంధనలు హైదరాబాదులో నేలకూ కట్టుబడికీ ఉన్న నిష్పత్తి పరిమితిని ఎత్తివేశాయి. నగరానికి పడమట కోకాపేట వైపు నలభై అంతస్తులు దాటిన భవనాలు లేచాయి. అంతస్తులు పెరిగిన కొద్దీ తలకు వచ్చే నేల తగ్గుతుంది.

కొనుగోలుదారు వైపు చట్టం

2010లో ముంబైకి చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు, స్టిల్టు క్రింది పార్కింగును బిల్డరు విడిగా అమ్ముకోరాదని తీర్పు ఇచ్చింది. 2016 నాటి రెరా చట్టం గోడల లోపల వాడుకునే కార్పెట్ ఏరియాకు నిర్వచనం ఇచ్చి, ఆ లెక్క చెప్పి తీరాలన్నది. వ్రాతపూర్వక ఒప్పందం రిజిస్టరు కాకముందు ధరలో పదో వంతుకు మించి తీసుకోరాదు. కొన్నవారి సొమ్ములో నూటికి 70 వంతులు ప్రత్యేక ఖాతాలో ఉంచి ఆ నిర్మాణానికే వాడాలి. స్వాధీనపరచిన ఐదేళ్ళలోపు కట్టుబడి లోపం బయటపడితే బిల్డరే తన ఖర్చుతో సరిచేయాలి.

ఈ చరిత్ర మనకెందుకు అనవచ్చు. ఫ్లాటు కొనగల స్తోమత మనలో కొద్దిమందికే ఉండవచ్చు. కాని ఉన్న పాత ఇంటిని బిల్డరుకు ఇమ్మని అడిగేవారు ప్రతి కాలనీలోను ఉన్నారు. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ సొమ్ము పెట్టి బిడ్డకు ఫ్లాటు కొనిపెట్టేవారూ ఉన్నారు. ఒక్క సంతకంతో ముప్పై ఏళ్ళ కష్టార్జితం చేతులు మారుతుంది. కాబట్టి రంగుల బ్రోచరు పక్కన పెట్టి దస్తావేజు షెడ్యూలు చదవండి. అవిభాజ్య వాటా ఎన్ని గజాలో అంకెలలోను, అక్షరాలలోను ఉన్నదా? అన్ని ఫ్లాట్ల వాటాలు కలిపితే మొత్తం స్థలానికి సరిపోతున్నదా? ఈసీ, లింకు దస్తావేజులు, మంజూరైన ప్లాను, అక్యుపెన్సీ సర్టిఫికెట్ ఉన్నవా? చూడకుండా సంతకం పెట్టవద్దు. తీసుకున్న కాగితాలు ఎక్కడ ఉంచారో ఇంట్లో భార్యకు, పిల్లలకు చెప్పి ఉంచండి. ఉద్యోగమంతా ఫైళ్ళు చదివి నోటు పెట్టిన మనకు ఇది కష్టమైన పని కాదు. ఆ శ్రద్ధ మన సొంత ఫైలు మీద కూడా చూపితే చాలు.