పర్వతగ్రామమునుండి శిక్షణశిబిరమునకు: ఆల్విన్ యార్క్ ప్రయాణద్వయము

1918 అక్టోబరు 8వ తేదీన ఫ్రాన్సుదేశపు ఆర్గాన్ అరణ్యప్రాంతమున మరి యేడుగురు సహచరులతో గూడి 132 మంది జర్మను సైనికులను బందీలనుగా గొనివచ్చిన ఆల్విన్ యార్క్ కీర్తి ఆనాటినుండి నేటివరకు ఆ యొక్క దినమునే ఆశ్రయించి నిలిచియున్నది. అంతకు పదునొకండు మాసములకు ముందు, యుద్ధము పాపమని మనసార నమ్మిన యీతడు తన కొండలోయను విడిచి సైనికశిక్షణశిబిరమునకు బోయిన ప్రయాణమును చరిత్రకారులు వీరగాథకు ప్రస్తావనగా మాత్రమే గ్రహించుచు వచ్చిరి. నిశితముగా బరిశీలించినచో ఆ ప్రయాణము ఒకటి గాదు, రెండు. ఆ రెంటిలో రెండవదియే యీతని జీవితమున నిర్ణాయకమైనదని నా యభిప్రాయము.

టెనెసీ రాష్ట్రమున, ఊల్ఫ్ నదీలోయలోని పాల్‌మాల్ అను కుగ్రామమున 1887లో, కమ్మరిపని తెలిసిన తండ్రికి, పదునొకండుగురు సంతానములో మూడవవాడుగా యార్క్ జన్మించెను. యౌవనమున మద్యపానమునకును కలహములకును లోబడి తిరిగిన యీతడు 1915లో వానినన్నిటిని త్యజించి, బైబిలును దప్ప వేఱు శాసనము నెఱుగని యొక చిన్న క్రైస్తవసంఘమున జేరెను. 1917 మే 18వ తేదీన అమెరికా ప్రభుత్వము నిర్బంధసైనికసేవాచట్టమును గావించి, జూన్ 5వ తేదీన 21 మొదలు 30 ఏండ్లవఱకు వయసుగల పురుషులందఱును పేళ్లు నమోదుచేయించుకొనవలెనని యాజ్ఞాపించినప్పుడు, ఆ గ్రామమున నమోదు చేయు బాధ్యత తపాలాధికారియైన రోజియర్ పైల్‌ది. ఆయనయే యీ యువకునికి మతగురువు. అహింసను బోధించిన నోటితోనే యుద్ధపత్రమునందలి ప్రశ్నలను అడుగవలసి వచ్చిన ఆ గురువు మనఃస్థితి యెట్టిదో ఊహింపదగినదే. మినహాయింపు గోరుచున్నావా యను ప్రశ్నకు యార్క్ తనకు పోరాడ నిష్టము లేదని పత్రముపై వ్రాసెను. కాని యుద్ధమును నిషేధించు నియమము గలిగి సుప్రసిద్ధములైన మతశాఖలవారికి మాత్రమే చట్టము మినహాయింపు నొసగుచుండుటచే, లిఖితనియమావళి లేని యీ సంఘమునకు ఆ గౌరవము దక్కలేదు, అభ్యర్థనలన్నియు తిరస్కృతములయ్యెను. అంతరాత్మకు సైతము అచ్చుప్రమాణపత్రము గావలెనన్న యీ విధానము నాకు మిక్కిలి కఠినముగా దోచుచున్నది.

నవంబరు మధ్యమున ఇల్లు వెడలి, జేమ్స్‌టౌనున హాజరై, వొనైడా స్టేషనున రైలెక్కి, జార్జియా రాష్ట్రమున అట్లాంటా నగరసమీపమందలి కాంప్ గోర్డనునకు యార్క్ చేరెను. ఆ వేసవిలో నెలల వ్యవధిలో ప్రభుత్వము కొయ్యతో నిర్మించిన పదునాఱు మహాశిబిరములలో నిది యొకటి. దినచర్యలో నీతడు వ్రాసికొన్న వాక్యములు కడు క్లుప్తములు. సైనికజీవితమున మొదటి ఉదయమున తనకప్పగించిన పని ఆవరణలోని సిగరెట్టుముక్కలను ఏరుటయట. పొగ త్రాగని తనకిది కష్టమనిపించినను చేసితినని యొప్పుకొనినాడు. పిమ్మట చేతికిచ్చిన తుపాకి జిడ్డుతో నిండియుండుటయు, తనిఖీకై దానిని తోమి శుభ్రపఱచుటకు పడిన పాట్లును గలవు. బాల్యమునుండి కొండలలో వేటాడి గుఱి తప్పనివాడని పేరొందిన మనుజునకు ఆయుధము అపరిచితవస్తువు గాదు. అది యిపుడు మనుష్యుని దిక్కునకు దిరుగుటయే యపరిచితము.

ఇట్టి సంకటము నీతడొక్కడే యనుభవించెనని తలపరాదు. అంతరాత్మ యొప్పదని నమోదుచేయించుకొని సైన్యమున జేర్చుకొనబడినవారు దాదాపు 21 వేలమంది కాగా, శిబిరములకు వచ్చిన తరువాతను ఆ పట్టు విడువనివారు సుమారు 4 వేలమంది మాత్రమే. ఇంటినుండి విడదీసి, తోడివారి నడుమ నిలిపి, దినదినము నొకే కవాతు చేయించుటలో గల శక్తి యెంతటిదో ఈ సంఖ్యలే చెప్పుచున్నవి. అయినను యార్క్ విషయమున ఆ శక్తి యొక్కటియే పనిచేసెనని చెప్ప వీలులేదు. 82వ డివిజనునందలి 328వ పదాతిదళమున దన కంపెనీ నాయకుడైన కెప్టెన్ డాన్‌ఫర్తునకు తన సందేహమును విన్నవించగా, ఆయన పటాలపునాయకుడైన మేజర్ బక్‌స్టన్ వద్దకు దీసికొనిపోయెను. వారు గద్దింపక, శిక్షింపక, బైబిలునే తెఱచి, యెహెజ్కేలు గ్రంథమున కావలివాని కర్తవ్యమును దెలుపు ఘట్టమును వివరించిరి. గీతాపాఠకులకు ఇచట అర్జునుడు జ్ఞప్తికి వచ్చుట సహజమే గాని భేదము గమనింపదగినది: పార్థుని విషాదము సేనలు రెండును మోహరించిన పిమ్మట బుట్టినది, యార్క్ సంశయమో పత్రముపై సంతకము చేయుటకు బూర్వమే పుట్టి, మేజరు పలుకులతో సద్యోనివృత్తి చెందక, మాసములకొలది వెంట నడచినది.

1918 మార్చిలో నీతనికి పదిదినముల సెలవు దొరకినది. స్వగ్రామమునకు బోయి, కొండపై నొంటరిగా ప్రార్థించి, దైవసమ్మతి లభించినదన్న నమ్మికతో మరల గోర్డనునకు వచ్చెను. ఇదియే నేను చెప్పిన రెండవ ప్రయాణము. త్రోవ యదియే, గమ్యము నదియే. మొదటిసారి రాజ్యాజ్ఞ నడపినది, ఈసారి యీతడు తానై నడచెను. 1941లో హవార్డ్ హాక్స్ తీసిన చలనచిత్రము ఈ పరివర్తనను కనులకింపుగా జూపినది. 1928లో టామ్ స్కేహిల్ సంపాదకత్వమున వెలువడిన ఆత్మకథ దానిని విస్తరించి చెప్పినది. దినచర్యయందలి పొడిమాటలకును అచ్చుపుస్తకపు ధారాళవాక్యములకును గల దూరమును గుర్తించియే పరిశోధకుడు ముందుకు సాగవలెను. ఏలయన పరివర్తనమున కేకైకక్షణమును నిర్ణయించుట కథకుని యవసరమే గాని, నెలలతరబడి యీ బాధ ననుభవించిన వానిది గాదు.

మే 1వ తేదీన బోస్టనునందు ఓడనెక్కిన యార్క్ తన సందేహమును రేవున విడిచిపోలేదని నమ్ముటకు ఆధారము గలదు. ఆర్గానులో తుపాకి పేల్చుచునే శత్రువులను లొంగిపొండని మాటిమాటికి కేకవేసితిననియు, తప్పనంతకు మించి యెవ్వనిని చంపగోరలేదనియు నీతడు తరువాత చెప్పినాడు. బక్‌స్టన్ వివరించినది సాయుధుడైనను కాచువాని ధర్మము గదా; ఆనాడు ఆర్గానులో యార్క్ వేసిన కేకలు ఆ ధర్మమును తాను గ్రహించిన మేరకు పాటింపజూచిన ప్రయత్నములని నేను భావించుచున్నాను.