బొగ్గు మనది, పేరు సింగరేణిది

ఏటా డిసెంబరు 23న సింగరేణి బొగ్గు కంపెనీ ఆవిర్భావ దినోత్సవం వస్తుంది. ఆ వారమంతా పత్రికల్లో బొగ్గు ఎలా బయటపడిందనే అదే కథ. భద్రాచలం పోయే యాత్రికులు ఇల్లందు దగ్గర ఆగి, నల్లరాళ్లు మూడు పెట్టి వంట మొదలుపెట్టారట, రాళ్లే అంటుకున్నాయట. వాళ్లది ఏ ఊరు, అది ఏ సంవత్సరం? ఎవరూ చెప్పరు. ఒకరు రాసింది ఇంకొకరు ఎత్తి రాయడమే.

మన ఇల్లందు 24 ఏరియా క్వార్టర్లలో బొగ్గుపొయ్యి అంటించిన ఆడవాళ్లనెవరినైనా అడగండి. అడుగున పుల్లలు పేర్చి, కిరసనాయిలు గుడ్డ పెట్టి, కళ్లు మండే పొగలో అట్టముక్కతో విసరగా విసరగా ఎప్పటికో గాని బొగ్గు ఎర్రబడదు. ఏళ్లతరబడి ఎండావానా తిన్న పైపొర బొగ్గు ఇంకా మొండిది. అన్నం ఉడికేలోపు పొయ్యిరాళ్లు రాజుకున్నాయంటే నేను నమ్మను.

రికార్డున్న సంగతి వేరే. 1871లో జియొలాజికల్ సర్వే అధికారి విలియం కింగ్ ఇక్కడ బొగ్గు ఉందని తేల్చాడు. 'కింగ్ సీమ్' అని మనవాళ్లు అనే పొర ఆయన పేరు మీదిదే. ఆయనకు ఆ రాళ్లు చూపించింది ఇక్కడి కోయలే అయి ఉంటారని నా అనుమానం. యాత్రికులకిచ్చే గౌరవంలో సగమన్నా వాళ్లకు దక్కాలి.

1886లో లండన్‌లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ పెట్టారు. ఆ షేర్ల గోల్‌మాల్ మీద 1888లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీయే విచారణ జరిపింది. బొగ్గు పైకి రాకముందే డబ్బు చేతులు మారిందన్నమాట! 1889లో తవ్వకం మొదలైంది. డోర్నకల్ నుంచి రైలు రాకపోతే అదీ ఉండేది కాదు. అంత బొగ్గును ఎడ్లబండ్ల మీద ఎక్కడికని తోలతారు?

ఇక పేరు. సింగరేణి కారేపల్లి పక్క ఊరు. తవ్వింది మాత్రం మన దగ్గర. పాతవాళ్లు ఇల్లందును బొగ్గుట్ట అనే పిలిచేవారు. 1920లో కంపెనీకి సింగరేణి పేరు ఖాయమైంది, తర్వాత హెడ్డాఫీసు కొత్తగూడెంలో కుదురుకుంది. మనకు ఓబీ గుట్టలు, అంటే గనుల్లోంచి తవ్విపోసిన మట్టిదిబ్బలు మిగిలాయి. "సింగరేణిలో గనులు పుట్టాయి" అని రాసేవాళ్లు ఒక్కసారి ఆ ఊరు పోయి గని ఎక్కడుందో చూపించాలి.

వచ్చే డిసెంబరుకు వ్యాసాలు రాసేవాళ్లకు నా మనవి ఒక్కటే. యాత్రికుల కథకు ఆధారం ఉంటే అచ్చువేయండి. లేకపోతే ఇల్లందు పేరు, 1871, 1889 వేసి వదిలేయండి.