లైకా మరమ్మతున నిలుకడ

జర్మనీదేశమున లాన్ నదీతీరమందలి వెట్స్‌లార్ పట్టణమున, సూక్ష్మదర్శినులకు పేరుగాంచిన ఎర్నస్ట్ లైట్జ్ కార్ఖానాలో పనిచేయుచుండిన ఆస్కార్ బార్నాక్, ఉబ్బసముచే పీడితుడై బరువైన కెమేరాలను మోయజాలక, చలనచిత్రముల ఫిల్మునే గ్రహించి 24 మిల్లీమీటర్ల ఎత్తును 36 మిల్లీమీటర్ల వెడల్పును గల చిత్రమును తీయు చిన్నయంత్రమును మొదటి ప్రపంచసంగ్రామమునకు పూర్వమే నిర్మించెను. అది లైకా యను పేర 1925లో లైప్జిగ్ వసంతప్రదర్శనమున లోకమునకు పరిచితమయ్యెను.

ఇంత చిన్న నెగెటివును పెద్ద కాగితముపై అచ్చొత్తునపుడు ఫోకసులోని లేశమాత్రదోషమును కొట్టవచ్చినట్లు కన్పట్టును గదా! తొలి లైకాతో చిత్రము తీయువాడు దూరమును కంటితో అంచనా వేసికొనియో, వేఱొక దూరమాపకముతో కొలిచియో కటకమును త్రిప్పవలసియుండెను. 1930లో మార్చుకొనదగిన కటకములు వచ్చినను, తొలుత వానిని ఆయా కెమేరాలకే సరిపడునట్లు సవరించియిచ్చిరి. 1931లో కటకపీఠమునకును ఫిల్మునకును నడిమి దూరమును 28.8 మిల్లీమీటర్లని స్థిరపఱచిన పిదపనే ఒకదాని కటకము మఱియొకదానికి పొసగినది. 1932లో వెలువడిన రెండవ లైకాలో దూరమాపకమును కెమేరాలోనే యిమిడ్చి, కటకపు వెనుకయంచును తాకు చిన్నమీటచే దానితో జతచేసిరి. కటకము త్రిప్పగా దూరమాపకపు కిటికీలోని రెండు ప్రతిబింబములు ఏకమైనచో ఫోకసు కుదిరినట్లే.

ఆ పొందిక చెడినపుడు సవరించుటకు కెమేరా ముందుభాగమున, మూతచీల చాటున, సన్నని మరచీల యొకటి కలదు. కటకమును అనంతమునకు త్రిప్పి, మిక్కిలి దూరముననున్న గోపురమునో స్తంభమునో చూచుచు ఆ మరచీలను రవ్వంత కదలింపవలెను. యంత్రమును చేతబట్టి ఈ పనికి పూనుకొన్నచో స్క్రూడ్రైవరు ఒత్తిడికే కెమేరా ఒఱగి, కన్ను కిటికీ నడుమనుండి తొలగి, ప్రతిబింబము జరిగినది మరచీల వలననో చేతి వలననో తెలియరాదు. కావుననే నేర్పరి దానిని ముక్కాలిపీటపై బిగించి, మరచీలను కదలించిన ప్రతిసారియు స్క్రూడ్రైవరును తీసివేసి, కటకమును వెనుకకు త్రిప్పి తిరిగి అనంతమునకు తెచ్చి, అప్పుడే పరిశీలించును. అంతటితో విడువక, ఫిల్ముతలమునుండి టేపుతో ఒక మీటరు కొలిచి, సమీపమునను పొందిక నిలిచినదో లేదో చూచును. 1954 నాటి లైకా ఎం3లో వెనుక తలుపు తెఱచి, ఫిల్ము పట్టాలపై గరుకుటద్దమును గరుకువైపు కటకమునకు అభిముఖముగ నుంచి, భూతద్దముతో బింబమునే చూడవచ్చును. అచ్చటను కెమేరా చలించెనా, ఆ పరీక్ష నిష్ఫలము.

కటకము, ఫిల్ము, దూరమాపకము అను మూటికిని నిర్మాతలు కుదిర్చిన ఒడంబడికను పునరుద్ధరించుటయే మరమ్మతు. దానికి బలముకన్న ఓర్పు ముఖ్యము, ఓర్పుకన్న నిలకడయైన ఆధారము ముఖ్యము. పాతకెమేరాలను మక్కువతో కొనుచున్న నేటివారు ఈ విద్య నెఱిగినవారికి తగిన కూలినిచ్చి, తగిన వ్యవధినిచ్చి పోషించినచో, బార్నాక్ యంత్రములు అలంకారవస్తువులు గాక చిత్రములు తీయు పనిముట్లుగనే మన మనుమల చేతికిని అందగలవు.