అందరికీ కనిపించే రాత

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో కలెక్టర్లను బడుల లెక్క అడిగాడు. ఉత్తరాంధ్ర సంగతే చూస్తే, అప్పట్లో శ్రీకాకుళం గంజాం జిల్లాలో, విజయనగరం విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. గంజాం 255 బడులు చూపింది, విశాఖపట్నం 914. బడి అంటే భవనమేమీ కాదు. ఏదో ఒక అరుగు, ఓ పంతులు, చుట్టూ పిల్లలు. అదే వీధిబడి.

అక్కడ చదువు ఇసుకలో మొదలయ్యేది. నేల మీద పోసిన ఇసుకలో వేలితో ఓనమాలు దిద్దాక గానీ తాటాకూ గంటమూ చేతికొచ్చేవి కావు. దీన్ని పేదరికం ఖాతాలో వేసేవాళ్లున్నారు. అంతకన్నా పెద్ద సంగతి ఇంకోటుంది: ఇసుకలో రాసింది దాచుకోవడం కుదరదు. అక్షరం వంకర పోతే పక్కవాడికి కనిపిస్తుంది. చెరిపి మళ్లీ రాస్తే అయిపోయె.

బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదికలో ఈ బడుల నడక కళ్లకు కడుతుంది. పిల్లలు సాధారణంగా నాలుగు జట్లు. కింది జట్ల బాధ్యత కొంత పెద్ద పిల్లలదే, పంతులు కన్ను మాత్రం అందరి మీదా ఉండేది. పొద్దున్నే ముందొచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడికి సున్నా. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చినవాళ్ల గతి చెప్పక్కర్లేదు!

అంతకుముందే మద్రాసు ఎగ్మూరులో అనాథ బాలుర శరణాలయం చూసుకునే ఆండ్రూ బెల్, ఓ దేశీ బడిలో ఇసుక రాత చూసి ముచ్చటపడ్డాడు. అలాగే నేర్పమంటే తన దగ్గరి ఉపాధ్యాయుడు మొండికేయడంతో, ఆ పని 8 ఏళ్ల జాన్ ఫ్రిస్కెన్‌కు అప్పగించాడు. ఆ ప్రయోగం మీద 1797లో లండన్‌లో పుస్తకం వేశాడు. పిల్లల చేత పిల్లలకు చెప్పించే ఆ పద్ధతి ‘మద్రాసు పద్ధతి’గా ఇంగ్లండు బడులకు పాకింది. పేరు బెల్‌కు దక్కింది, అరుగు మీది పంతుళ్లకు కాదు.

ఆ అరుగు అందరిదీ కాదు లెండి. ఆడపిల్లలు అరుదు. కొండల్లోని సవర గిరిజనులకు అది అందనే లేదు. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి పర్లాకిమిడిలో పనిచేస్తూ సవర భాష నేర్చుకుని, ఆ భాషలోనే వాచకాలు రాసి, వాళ్లకోసం బడులు పెట్టించారు.

విజయనగరంలో 1857లో మొదలైన మహారాజావారి బడి 1879కి కళాశాల అయింది. కొత్త తరహా చదువు ఊళ్లకు పాకేకొద్దీ పలక పిల్లవాడి ఒళ్లోకి, నల్లబల్ల మాస్టారి చేతికి వెళ్లాయి. అందరికీ కనిపించేది మాస్టారి రాత ఒక్కటే అయింది.

2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 8వ తరగతి పిల్లలకు ట్యాబులిచ్చింది. 2023లో తరగతి గదుల్లో ఇంటరాక్టివ్ ప్యానెళ్లు బిగించడం మొదలైంది. ఇలాంటి తెర మీద వేలితో రాయొచ్చు, వైఫై ఉంటే ట్యాబులో చేసిన లెక్కను తీగ లేకుండా అందరికీ చూపొచ్చు. ఒక జట్టు తప్పును పక్క జట్టు పట్టుకోవడానికి మళ్లీ వీలుంది. వీడియో ఆడించి ఊరుకుంటే మాత్రం అది ఖరీదైన నల్లబల్లే. జట్లు కట్టి, కింది జట్టును పై జట్టుకు అప్పగించే వ్యవధి పీరియడులో ఎక్కడ దొరుకుతుందో టైమ్‌టేబుల్ వేసేవాళ్లే చూడాలి.