పేడగ్యాసూ, పాచిమేతా



నందిగామ, జగ్గయ్యపేట మెట్టల్లో పాడి వున్న ప్రతి యింటా వేసవి వచ్చేసరికి ఒకటే చింత. గడ్డివామి తరిగిపోతుంది, జొన్నచొప్ప అయిపోతుంది, మునేటి ఒడ్డున కూడా పచ్చిమేత కరువవుతుంది. చెక్క కొనబోతే పాల డబ్బు దానికే చెల్లు. పెరట్లో పేడదిబ్బ మాత్రం తరగదు. ఆ పేడ నుండే మళ్లీ మేత తీయవచ్చునా అన్న ప్రశ్న కొత్తది కాదు.

ముందు పేడగ్యాసు సంగతి చూద్దాం. 1939లో ఢిల్లీ వ్యవసాయ పరిశోధనాలయంలో ఎస్.వి. దేశాయి గారు పేడను గాలి చొరకుండా మురగబెట్టి, మండే గ్యాసు తీసే ప్రయోగాలు చేశారు. 1950 దశకంలో జశభాయి పటేల్ గారు యినుప డోలు తేలే నమూనా తయారుచేయగా, తరువాతి దశకంలో ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ దానిని వూళ్లలోకి తెచ్చింది. ఈ గ్యాసులో మండేది నూటికి యించుమించు 60 పాళ్లు. మిగతాది చాలామటుకు బొగ్గుపులుసు వాయువే. అది పొయ్యిలో మండదు, వూరకే పోతుంది. మొక్కకు మాత్రం అదే అన్నం. పశువు త్రేన్పుతో వదిలే గ్యాసు సంగతి వేరు. మన పాకలు నాలుగువైపులా తెరిచి వుంటవి గనుక దానిని పట్టే వుపాయం లేదు.

బొగ్గుపులుసు వాయువు, నత్రజని, ఎండ వుంటే కంటికి ఆనని సన్నపాచి ఎంతో వేగంగా పెరుగుతుంది. 1950 దశకంలో కాలిఫోర్నియాలో విలియం ఆస్వాల్డ్ గారు దీనిని మురుగునీటి చెరువుల్లో పెంచారు. 1966లో అదే రాష్ట్రంలోని పశుశాస్త్రజ్ఞులు అటువంటి పాచిని పశువులకు, గొర్రెలకు, పందులకు మేపి చూసిన ఫలితాలు ప్రకటించారు. మన దక్షిణాదిని 1970 దశకంలో మైసూరు ఆహార పరిశోధనాలయం జర్మనుల తోడ్పాటుతో పాచి పెంపకం చేపట్టింది. 1977లో మద్రాసులో సి.వి. శేషాద్రి గారి ఆధ్వర్యాన మొదలైన మురుగప్ప చెట్టియార్ పరిశోధన కేంద్రం స్పిరులినా అనే పాచిని పల్లెటూరి తొట్లలోకి తెచ్చింది, గ్యాసు తొట్టి మడ్డిని కూడా దానికి ఎరువుగా వాడి చూసింది. ఎండిన స్పిరులినాలో మాంసకృత్తులు నూటికి 60 పాళ్లు. వేరుశెనగ చెక్కలోనూ అంత వుండదు.

మరి మన పాకల్లోకి ఎందుకు రాలేదు? దానికి సోడావుప్పు కలిపిన నీళ్లు కావాలి, రోజూ తొట్టి కలియబెట్టాలి, గుడ్డలో వడకట్టాలి, ఆరబెట్టాలి. అంత శ్రమపడి తీసిన సరుకు మనుషులకు బిళ్లలుగా మంచి ధరకు పోతుంటే, గేదె నోటికి ఎట్లా అందుతుంది?

"వూరి చెరువు నిండా పాచే గదండీ, అది ఎత్తి కుడితిలో వేయరాదా?" అని అడిగేవారున్నారు. ఆ పని ఎంతమాత్రం చేయకండి. 1878లోనే ఆస్ట్రేలియాలో ఒక సరస్సు మీద కట్టిన పాచినీళ్లు తాగి పశువులూ, గొర్రెలూ, గుర్రాలూ చచ్చిన సంగతి జార్జి ఫ్రాన్సిస్ అనే ఆయన పత్రికలో రాశాడు. నిలవనీటి మీద నీలాకుపచ్చగా తెట్టెకట్టే పాచిలో విషజాతులుంటవి. చూపుతో పోల్చుకోవడం మీవల్లా కాదు, నావల్లా కాదు.

చివరకు రైతు చేతికి అందింది అజొల్లా. 2000 తరువాత కన్యాకుమారి వివేకానంద కేంద్రం వారు దీనిని పశువుల మేతగా బాగా ప్రచారం చేశారు. ఇది పాచి కాదు, నీటిమీద తేలే చిన్న మొక్క. దాని ఆకుల లోపల ఒక నీలాకుపచ్చ నాచు కాపురముండి గాలిలోని నత్రజనిని పట్టి యిస్తుంది. నాచు చేసే పని చేస్తుంది, చేతికి మాత్రం ఆకులా దొరుకుతుంది. ప్లాస్టిక్ పట్టా పరచిన గుంట, జల్లించిన మట్టి, పేడనీళ్లు, కాస్త సూపరు ఫాస్ఫేటు చాలు. అయితే స్పిరులినా ఓర్చుకునే వేడిని యిది ఓర్చుకోలేదు. మన మే నెల ఎండకు మాడిపోతుంది గనుక, గుంట చెట్టునీడన గానీ తాటాకు పందిరికింద గానీ వుండాలి.

తీసిన అజొల్లాను జల్లెడలో వేసి, పేడవాసన పోయేదాకా మంచినీళ్లతో కడిగి, దాణాలో కలిపి పెట్టండి. మొదటి రోజుల్లో గేదె మూతి తిప్పుకుంటుంది. కొంచెం కొంచెంగా పెంచుతూ పోతే అలవాటు పడుతుంది.