డీవీడీ నుండి బ్లూ-రేకు: హై-డెఫినిషన్ డిస్కుల చరిత్ర

హై-డెఫినిషన్ డిస్కులనగా, 12 సెంటీమీటర్ల వ్యాసము గల డీవీడీ ఆకారముననే యుండి, దానికంటె అయిదారు రెట్లు సూక్ష్మమైన చిత్రమును తమయందు నిక్షేపించుకొనగల ఫలకములు. వీనిలో ప్రధానమైనవి రెండు: తోషిబా, ఎన్‌ఈసీ సంస్థలు రూపొందించిన హెచ్‌డీ డీవీడీ యొకటి, సోనీ, ఫిలిప్స్, పానసోనిక్ మొదలగు సంస్థల కూటమి వెలువరించిన బ్లూ-రే రెండవది. రెండును అచ్చైన సినిమాలతో 2006లో విపణికి వచ్చి, రెండేండ్ల పాటు హోరాహోరిగా పోరినమీదట 2008లో మొదటిది రంగము వీడినది. ఈ పోరులో నెగ్గినదేది యను విషయము శీఘ్రముగనే తేలిపోయినను, డీవీడీతో తృప్తిగా కాలము గడుపుచున్న గృహస్థు ఆ వ్యయమున కోర్చి వీనికి మారుట యుక్తమా యను ప్రశ్న మాత్రము చిరకాలము నిలిచినది.

ఈ సంశయమునకు మూలము డీవీడీ సాధించిన విజయమే. సోనీ, ఫిలిప్స్ ఒక పక్షముగను, తోషిబా, వార్నర్ తదితరులు మరియొక పక్షముగను వేరువేరు నమూనాలు సిద్ధపరచుకొనగా, రెండు ప్రమాణములైనచో తమకు సమ్మతము కాదని కంప్యూటరు తయారీదారులు పట్టుబట్టినందున 1995లో ఉభయపక్షములును సంధి చేసికొనినవి. ఆ సంధి ఫలముగా డీవీడీ 1996 నవంబరులో జపానునందును, 1997 మార్చిలో అమెరికాయందును అవతరించినది. తెలుగునాట అంతకు ముందు వీసీడీలు విస్తారముగా వాడుకలో నుండెను. వీసీడీ చిత్రము అడ్డముగా 352, నిలువుగా 288 బిందువులు మాత్రమే గలది. రెండున్నర గంటల సినిమాకు రెండు మూడు డిస్కులు కావలసివచ్చెడిది. కథ మంచి పట్టులోనుండగా ఎవరో యొకరు లేచి ప్లేయరు కడకు పోయి డిస్కు మార్చవలసియుండెడిది. అట్టివారికి 720 × 576 బిందువుల చిత్రముతో, చిత్రమంతయు ఒకే డిస్కులో నిమిడి డీవీడీ చేతికందినప్పుడు కలిగిన ఆనందము అల్పమైనది కాదు. ఆ తేడాను పెట్టె టీవీ మీదనే, పరీక్షించి చూచు పని లేకయే ఇంటిల్లిపాదియు గుర్తించిరి. తరువాతి మార్పు అంత తేటతెల్లముగా ఏల గోచరింపలేదో తెలియవలెనన్న డిస్కు నిర్మాణమును కొంత పరిశీలింపవలయును.

డిస్కుపై గల సూక్ష్మమైన గుంటలను లేసరు కిరణము చదువును. ఆ కిరణము ఒక బిందువుగా కేంద్రీకృతమైనప్పుడు ఆ బిందువు ఎంత చిన్నదిగా నుండునో, అంత దగ్గర దగ్గరగా గుంటలను అమర్చవచ్చును. గంటపు మొన సన్ననైన కొలది అదే తాటాకుపై ఎక్కువ పంక్తులు పట్టినట్లే ఇదియు. బిందువు పరిమాణము రెండు విషయములపై ఆధారపడియుండును: కాంతి తరంగదైర్ఘ్యము తగ్గినకొలదియు, కటకము యొక్క గ్రహణశక్తిని దెలుపు సంఖ్య పెరిగినకొలదియు బిందువు చిన్నదగును. డీవీడీలో 650 నానోమీటర్ల ఎరుపు లేసరు, 0.6 సంఖ్య గల కటకము వాడుకలో నున్నవి. బ్లూ-రేలో 405 నానోమీటర్ల నీలలోహిత లేసరు, 0.85 సంఖ్య గల కటకము. ఈ అంకెలను భాగించి, వర్గీకరించి చూచినచో బ్లూ-రే బిందువు వైశాల్యము డీవీడీ దానిలో అయిదవ వంతునకు ఇంచుమించుగా దిగుచున్నది; కావుననే డీవీడీ ఒక్క పొరలో 4.7 గిగాబైట్లు పట్టుచుండగా బ్లూ-రే పొరలో 25 గిగాబైట్లు పట్టుచున్నవి. హెచ్‌డీ డీవీడీ వారు అదే నీలలోహిత లేసరును గ్రహించిరి గాని, కటకమును మాత్రము 0.65 కడనే నిలిపిరి. అందుచే వారి పొర 15 గిగాబైట్లకు మించలేదు.

ఈ లేసరు సులభముగా లభించినది కాదు. గాలియం నైట్రైడు అను పదార్థము నుండి నీలికాంతిని రాబట్టుటకు శాస్త్రజ్ఞులు దశాబ్దముల తరబడి శ్రమించిరి. జపానులోని నిచియా సంస్థలో పనిచేయుచుండిన షూజీ నకమురా 1993లో ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఈడీని సాధించి, తదుపరి కొలది సంవత్సరములకే నీలలోహిత లేసరును గూడ సాధించెను. నీలి ఎల్‌ఈడీకై ఆయనకును, ఇసాము అకసాకి, హిరోషి అమానో అనువారికిని 2014లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. సినిమాల జయాపజయములను గూర్చియు, సంస్థల స్పర్ధలను గూర్చియు ఎంతయో వ్రాయబడినది గాని, ఈ చరిత్రలో నిజమైన ఘనకార్యము ఇదియేయని చెప్పుట న్యాయము.

కటకము శక్తిమంతమైన కొలది డిస్కు ఏ మాత్రము వాలినను చదువుటలో దోషము హెచ్చుచుండును. దానిని నివారించుటకై బ్లూ-రే నిర్మాతలు సమాచారపు పొరను డిస్కు ఉపరితలమునకు 0.1 మిల్లీమీటరు లోతుననే అమర్చిరి; డీవీడీలో ఆ లోతు 0.6 మిల్లీమీటర్లు. అంత పలుచని కప్పుపై గీత పడినచో డిస్కు చెడిపోవునను భయముచే మొదటి బ్లూ-రేలను ప్లాస్టిక్ పెట్టెలలో బిగించి విక్రయించిరి. అనంతరము టీడీకే సంస్థ గట్టి పూతను కనిపెట్టుటచే ఆ పెట్టె అవసరము తీరినది. తోషిబా వారు 0.6 మిల్లీమీటర్ల లోతునే పాటించి, పాత డీవీడీ కర్మాగారములలోనే స్వల్పమైన మార్పులతో తమ డిస్కులను అచ్చువేయవచ్చునని వాదించిరి. ఆ వాదము బలహీనమైనది కాదు. చౌకదనమును కోరువారికి అది నిజముగనే హితవైనది.

తొమ్మిది సంస్థలు కూడి 2002 ఫిబ్రవరి 19న బ్లూ-రే ప్రమాణమును ప్రకటించినవి. 2003లో సోనీ జపానునందు తొలి రికార్డరును 4,50,000 యెన్ల ధరకు విక్రయించినది. అది ఉపగ్రహ ప్రసారములను నమోదు చేసికొనుటకే గాని, అప్పటికి అచ్చైన సినిమాలు లేవు. 2006 ఏప్రిలులో అమెరికాలో తోషిబా హెచ్‌డీ డీవీడీ ప్లేయరు 499 డాలర్లకును, జూనులో శాంసంగ్ బ్లూ-రే ప్లేయరు 999 డాలర్లకును వచ్చినవి. ధరలో రెట్టింపైయుండియు బ్లూ-రే తొలి డిస్కులు జనులను మెప్పింపజాలకపోయినవి. పెక్కు చిత్రములను ఒకే పొర గల 25 గిగాబైట్ల డిస్కులపై, డీవీడీ కాలపు ఎంపెగ్-2 పద్ధతిలోనే కుదించియుంచిరి. ‘ది ఫిఫ్త్ ఎలిమెంట్’ డిస్కు విషయమున ఫిర్యాదులు మిక్కుటమగుటచే 2007లో దానిని తిరిగి సిద్ధపరచి విడుదల చేయవలసివచ్చెను. ఆనాడు డీవీడీయే మేలని వెనుదిరిగినవారిని తప్పుపట్టుటకు వీలులేదు.

పోరును మలుపు త్రిప్పినది ప్లేస్టేషన్ 3. 2006 నవంబరులో వెలువడిన ఆ ఆటయంత్రమునందు బ్లూ-రే ప్లేయరు అంతర్భాగముగా నుండుటచే, సినిమాల కొరకు ప్రత్యేకముగా సొమ్ము వెచ్చించుటకు ఇచ్చగింపని ఇండ్లలో గూడ అది చోటు సంపాదించినది. మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్ 360కు హెచ్‌డీ డీవీడీ పరికరమును విడిగా కొని తగిలించుకొనవలసియుండెను. యూనివర్సల్ తోషిబా పక్షమునను, డిస్నీ, ఫాక్స్ సోనీ పక్షమునను నిలువగా, ఉభయపక్షములకును చిత్రముల నిచ్చుచుండిన వార్నర్ సంస్థ 2008 జనవరి 4న ఇకమీదట బ్లూ-రేకే ఇత్తునని ప్రకటించినది. వాల్‌మార్ట్, నెట్‌ఫ్లిక్స్ మొదలగునవి ఆ దారినే అనుసరించినవి. బ్లూ-రే ప్రకటింపబడి సరిగా ఆరు సంవత్సరములు నిండిన ఫిబ్రవరి 19వ తేదీననే తోషిబా తన ప్రయత్నమును విరమించుకొన్నది. ఆ దిగ్గున ఆగిపోయిన పద్ధతిపై డబ్బు వెచ్చించి డిస్కులు సేకరించుకొన్నవారు నష్టపోయిరి. సంధి కుదిరి యుండినచో ఆ నష్టము వారికి కలిగెడిది కాదు.

ఇక యోగ్యతను విచారింతము. డీవీడీ చిత్రమున సుమారు 4,15,000 బిందువులు, బ్లూ-రే చిత్రమున 20,73,600 బిందువులు కలవు. అయిదు రెట్లు హెచ్చినంత మాత్రమున కన్ను అయిదు రెట్లు ఎక్కువగా చూడజాలదు. ఆరోగ్యవంతమైన నేత్రము ఒక డిగ్రీలో అరువదవ వంతు కోణమునకు లోపడిన వివరములను విడదీసి గ్రహింపజాలదని సామాన్యముగా లెక్కింతురు. 32 అంగుళముల టీవీ తెర ఎత్తు సుమారు 40 సెంటీమీటర్లు. దానిపై డీవీడీ చిత్రపు గీత యొక్కొక్కటి 0.69 మిల్లీమీటరు, బ్లూ-రే గీత 0.37 మిల్లీమీటరు. ఈ లెక్కను బట్టి ఆ తెరకు 2.4 మీటర్లకు ఆవల కూర్చున్నవారికి డీవీడీ గీతలే విడివిడిగా కానరావు. ఇక బ్లూ-రే వలన వారికి ఒనగూడు సూక్ష్మత స్వల్పము. 50 అంగుళముల తెరపై ఈ హద్దు 3.7 మీటర్లకు జరుగును. కావున మూడు మీటర్ల దూరమున కూర్చున్నవారికి భేదము తెలియును. ప్రొజెక్టరుతో 100 అంగుళముల తెరపై నాలుగు మీటర్ల నుండి చూచువారికైతే డీవీడీ ఆనదు. తెలుగు ఇండ్లలో పెట్టె టీవీలు పోయి పలుచని పెద్ద తెరలు వచ్చుటతోనే ఈ ప్రశ్నకు నిజమైన ప్రాముఖ్యము కలిగినది.

గీతల లెక్కకు అందని భేదములును కొన్ని కలవు. మన బజారులలో ఒకే డీవీడీపై మూడు సినిమాలు కూర్చి అమ్ముట వాడుకయై యుండెను. 8.5 గిగాబైట్లను ఏడున్నర గంటలకు పంచినచో సెకనుకు దక్కునది 2.5 మెగాబిట్లు, పాటలో పొగ క్రమ్మినప్పుడు ఆ పొగ చదరపు ముక్కలుగా విరిగి కదలుట, గుంపులోని ముఖములు అలికినట్లగుట దీని ఫలితములే. ఇవి ఎంత దూరము నుండియైనను కంటికి తగులును. బ్లూ-రే చిత్రమునకు సెకనుకు 40 మెగాబిట్ల వరకు వినియోగింపవచ్చును. మరియు సినిమా సెకనుకు 24 చట్రములతో తీయబడును. పాల్ పద్ధతి డీవీడీలో దానిని 25 చట్రములుగా నడిపించుటచే 150 నిమిషముల చిత్రము 144 నిమిషములకే ముగియును, గాయకుని శ్రుతి కించిత్తు పైకి జరుగును. బ్లూ-రే 24 చట్రములను యథాతథముగా ప్రదర్శించును. ధ్వనిని సైతము ఏమాత్రము నష్టపరుపక నిలుపుకొనును. సంగీతమున చెవి గలవారికి ఈ రెండు గుణములే మార్పునకు చాలిన కారణములని ఈ వ్యాసకర్త తలచుచున్నాడు.

అన్నిటికంటె ముఖ్యమైనది మూలము. 35 మిల్లీమీటర్ల ఫిల్ముపై తీసిన పాత చిత్రమునందు డీవీడీ ఎన్నడును చూపజాలని వివరములు దాగియున్నవి. ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ పెద్ద ఫిల్మును 8కే సూక్ష్మతతో స్కాను చేసి 2012లో వెలువరించిన బ్లూ-రేలో ఎడారి యిసుక అంచులు సైతము స్పష్టముగా గోచరించును. ‘స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్’ ధారావాహిక చరిత్ర ఇంతకంటె బోధకరము: దానిని ఫిల్ముపై చిత్రించిరి గాని కూర్పు మాత్రము వీడియో టేపుపై జరిపిరి. కావున బ్లూ-రే కొరకు మూలపు నెగెటివులను వెదకి తీసి, ఒక్కొక్క కోతను మరల కూర్చి, గ్రాఫిక్సును తిరిగి సమకూర్చవలసివచ్చెను. టేపు దశలో ఆగిపోయిన కృతులకు ఏ డిస్కును సూక్ష్మత నీయజాలదు. ఫిల్ము చుక్కలను దోషములుగా భావించి తుడిచివేయుట మరియొక అనర్థము. ‘ప్రిడేటర్’ చిత్రపు 2010 నాటి బ్లూ-రేలో మనుష్యుల చర్మము మైనము పూసినట్లు కానవచ్చుటకు కారణమదియే. మన పాత చిత్రముల విషయమున డిస్కు పేరు చూచి మురియుటకంటె నెగెటివు నుండి తీసినదా, అరిగిన ప్రింటు నుండియా అని విచారించుట అత్యవసరము.

డీవీడీలు పోగుచేసికొన్నవారు వానిని పారవేయవలసిన పని లేదు. బ్లూ-రే ప్లేయరు ఆ డిస్కులను చదువుటయే గాక వాని చిత్రమును పెద్ద తెరకు తగినట్లు సాగదీసి చూపును. బ్లూ-రే డిస్కును డీవీడీ ప్లేయరు మాత్రము చదువజాలదు. ప్రాంతసంకేతములను గూడ గమనింపవలయును: అమెరికా ‘ఎ’ ప్రాంతము, భారతదేశము ‘సి’ ప్రాంతము, అక్కడి బంధువులు పంపిన డిస్కుకు ప్రాంతబంధమున్నచో ఇక్కడి ప్లేయరులో ఆడదు.

2016లో వెలువడిన 4కే బ్లూ-రే డిస్కులు 100 గిగాబైట్ల వరకు పట్టి, సెకనుకు సుమారు 128 మెగాబిట్ల వరకు అందింపగలవు. వీనికి ప్రాంతబంధము లేదు. అయినను ఆ నాటికే జనులు ఇంటర్నెట్టుపై సినిమాలు చూచుటకు అలవడిరి. ఒప్పో 2018లోను, శాంసంగ్ 2019లోను కొత్త ప్లేయరుల తయారీకి స్వస్తి చెప్పినవి. నెట్‌ఫ్లిక్స్ తపాలా ద్వారా డిస్కులు పంపు పద్ధతిని 2023 సెప్టెంబరులో ముగించినది. క్రైటీరియన్, ఆరో మొదలగు ప్రచురణసంస్థలు మాత్రము పునరుద్ధరించిన పాత చిత్రములను ఏ నెగెటివు నుండి, ఏ సూక్ష్మతతో స్కాను చేసిరో తెలుపుచు నేటికిని డిస్కులపై వెలువరించుచున్నవి.