బావిలో బ్లీచింగ్ పౌడర్ నుంచి ఫ్యాక్టరీ ఫిల్టర్ దాకా

మన ఊళ్లో బావిలో చల్లే బ్లీచింగ్ పౌడర్ తెలుసు కదా? అసలు అది పొడిగా ఎందుకు పుట్టిందో తెలిస్తే, బ్లీచ్ ఫ్యాక్టరీకి ఎలాంటి ఫిల్టర్ కావాలో కూడా తెలిసిపోతుంది.

1774లో స్వీడన్‌లో షీలే క్లోరిన్ వాయువు తయారుచేశాడు. దానితో గుడ్డ తెల్లబడుతుందని 1785లో ఫ్రాన్స్‌లో బెర్తోలే చూపించాడు. అప్పటిదాకా నెలల తరబడి పచ్చికలో పరిచి ఎండబెట్టడమే! తర్వాత పారిస్ దగ్గర జావెల్‌లో ద్రవ బ్లీచ్ వచ్చింది. కానీ అది నిలవ ఉంటే బలం పోతుంది. 1799లో గ్లాస్గోలో చార్లెస్ టెన్నంట్ పొడి సున్నానికి క్లోరిన్ పట్టించి పేటెంట్ తీసుకున్నాడు. అదే మన పౌడర్.

ఇప్పుడు ద్రవ బ్లీచ్ వాడకమూ చాలా ఉంది. పాత జబ్బూ అలాగే ఉంది. నికెల్, రాగి, కోబాల్ట్ రవ్వంత కలిసినా బ్లీచ్ విరిగి ఆక్సిజన్ వదులుతుంది, మూసిన డబ్బా ఉబ్బుతుంది. అదృష్టం ఏంటంటే, బ్లీచ్‌లో క్షారం ఎక్కువ కాబట్టి ఆ లోహాలు చాలావరకు కరగకుండా సన్నటి మడ్డిగా ఉంటాయి. అందుకే 1 మైక్రాన్ కంటే సన్నటి రేణువుల్నీ ఆపే, పెర్లైట్ పూత వేసిన ఫిల్టర్ చూడాలి. స్టెయిన్‌లెస్ స్టీల్ వద్దు, అందులోనే నికెల్ ఉంది! టైటానియమో, పీవీసీయో మేలు. యాసిడ్‌తో కడిగే ముందు బ్లీచ్ చుక్క కూడా మిగలకూడదు, లేదంటే క్లోరిన్ వాయువు లేస్తుంది.

బలం పోయిన బ్లీచ్‌ని లెక్క ప్రకారమే ట్యాంకులో పోసినా, క్రిములు బతికే ఉంటాయి. ఆ నీళ్లు తాగేది మనమే కదండీ.